‘బుష్’ అంటే పొద కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియా బుష్ కవిత్వాన్ని తెలుగు చేసేవారు నిఘంటువును నమ్ముకుంటే దెబ్బతింటారు. అక్కడ ‘బుష్’ అంటే ఊళ్లకు దూరంగా ఉండే బీడు, అడవి, పల్లెసీమ మొత్తం. ‘స్టేషన్’ వేల ఎకరాల పశువుల క్షేత్రం. ‘స్క్వాటర్’ను ఆక్రమణదారు అని రాస్తే గుడిసె వేసుకున్న పేదవాడు కళ్లముందుకొస్తాడు. నిజానికి అతను ఆ క్షేత్రానికి ఆసామి!

కూలి లెక్క తెలియకపోతే ఆ పద్యాల్లోని కోపం అర్థం కాదు. ఉన్ని కత్తిరించేవాళ్లకు నూరు గొర్రెలకింతని ఇచ్చేవారు. కత్తిరింపు నచ్చలేదని యజమాని గొర్రె మీద జేగురు గీత గీస్తే దానికి పైసా రాదు. తొందరలో కత్తెర చర్మానికి తగిలితే తారు డబ్బాతో కుర్రాడు పరిగెత్తుకొచ్చి గాయానికి పూసేవాడు. 1892లో జాకీ హౌ చేతి కత్తెరతో ఒక్కరోజులో 321 గొర్రెల ఉన్ని తీశాడంటే ఆ నడుము ఏమై ఉంటుంది? అంతకు ముందు ఏడే క్వీన్స్‌లాండ్‌లో ఉన్ని కత్తిరించేవాళ్ల పెద్ద సమ్మె జరిగింది. కాబట్టి ఆ పద్యాల్లో వచ్చే ‘మేట్’ను ఉత్త స్నేహితుడు అనకండి. కష్టంలో జతగాడు అనండి.

ఇవి గొంతెత్తి చెప్పే పద్యాలు. వచనంలో పెడితే చచ్చిపోతాయి. నాలుగు ఊనికల (నొక్కి పలికే చోట్ల) పాదానికి ముత్యాలసరం 3+4+3+4 మాత్రల నడక బాగా సరిపోతుంది. అంత్యప్రాస మాత్రం వదలొద్దు, వినేవాడు దాని కోసమే కాచుకుని ఉంటాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు