తలల కంటే టికెట్లు ఎక్కువ: నా కథకు పడ్డ ఓట్ల గురించి ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: నా కథకు ఎవరూ చదవకుండానే పడ్డ 1,840 ఓట్లు తీసేయమని అడిగితే, చదివినవాళ్ళు వేసిన 63 ఓట్లు కూడా తీసేసి, కథ మీద ‘అనుమానాస్పదం’ అని ముద్ర వేయడం గురించి.

అయ్యా / అమ్మా,

ఓట్లు తక్కువ పడ్డాయని మీకు ఉత్తరాలు చాలా వస్తుంటాయి. ఎక్కువ పడ్డాయని మొత్తుకునేది బహుశా నేనొక్కదాన్నే. అందుకే కాబోలు, మూడుసార్లు రాసినా మీవాళ్ళకు నా బాధేమిటో అర్థం కాలేదు. ఇది నాలుగోసారి. ఈసారి మొదటినుంచీ చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. పదహారేళ్ల సర్వీసు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పల్లెవెలుగు బస్సు మీద తిరుగుతాను. మీ కథల యాప్‌లో నాలుగేళ్లుగా రాస్తున్నాను, ఏటా చందా కట్టి చదువుతున్నాను కూడా. కిందటి నెల ఏడు భాగాల కథ ఒకటి మీ నెలవారీ పోటీకి పెట్టాను. ఊరికి వచ్చే ఆఖరి బస్సు రద్దయ్యాక కూడా రోజూ రాత్రి స్టాపుకు వచ్చి కూర్చునే ఒక ముసలాయన కథ. పాఠకుల ఓట్లతో మొదటి పదిలో నిలిచిన కథల్ని ఆడియో చేయిస్తామని, ఒక్కో కథకు 5,000 రూపాయలు ఇస్తామని మీరు ప్రకటించారు.

తొమ్మిది రోజుల్లో 63 ఓట్లు వచ్చాయి. మీ లెక్కలో 63 ఏమీ కాదు. నా లెక్కలో అది సీట్లన్నీ నిండి, నడవలో ఎనిమిది మంది నిలబడ్డ బస్సు. ఆ 63 మందిలో సగం మందిని మాటల ద్వారా ఎరుగుదును. సిరిసిల్లలో బీడీలు చుట్టే ఒకామె ఉంది, ఆమె ఆకు కత్తిరిస్తుంటే కూతురు పైకి చదివి వినిపిస్తుంది. అయిదో భాగంలో ముసలాయన స్టాపు దగ్గర బల్బు పెట్టించిన చోట తల్లీకూతుళ్లిద్దరం కాసేపు పని ఆపేశామని రాసింది. డల్లాస్‌లో ఉండే ఒకాయన, మా ఊరి ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకు కాదు, తొమ్మిదికి అని నాతో పోట్లాట పెట్టుకున్నాడు. నా కథలో ఊరికి పేరే లేదు. రాసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

పన్నెండో తారీఖు రాత్రి 2:10 నుంచి 2:50 లోపల నా కథకు 1,840 ఓట్లు పడ్డాయి. నలభై నిమిషాలు, నిమిషానికి 46 లెక్కన. సంక్రాంతికి ముందురోజు ఎల్‌బీ నగర్‌లో బస్సు ఎక్కే జనం కూడా అంత వేగంగా ఎక్కలేరు. తెల్లారి 5:10 ట్రిప్పు కోసం నాలుగింటికి లేచి చూస్తే, ‘అభినందనలు! మీ కథ దూసుకుపోతోంది!’ అని మీ యాప్ నుంచి బాణసంచా బొమ్మతో కబురు. ఆ పక్కనే మీరే చూపిస్తున్న ఇంకో అంకె కూడా చూశాను. కథ తెరిచినవాళ్ళు మొత్తం 411 మంది. ఓట్లు 1,903.

నా ఉద్యోగంలో అన్నం పెట్టేది ఈ లెక్కే. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు రాకముందు ఎస్సార్ కాగితం మీద స్టేజీ స్టేజీకి టికెట్ నంబర్లు రాసేవాళ్ళం. చెకింగ్ వాళ్ళు ఎక్కితే ముందు తలలు లెక్కపెడతారు, తర్వాత టికెట్లు. ఇదివరకు మా భయమంతా టికెట్ లేని తల గురించే. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు వచ్చాక, తల లేని టికెట్ కూడా అంతే తప్పయింది. ఆ టికెట్ల లెక్క మీదే కదా ప్రభుత్వం సంస్థకు డబ్బు కట్టేది. మనిషి లేకుండా నేను ఒక్క జీరో టికెట్ కొట్టినా సంజాయిషీ రాసుకోవాలి. మీ బస్సులో 411 తలలకు 1,903 టికెట్లు తెగితే మీవాళ్ళు టపాసులు కాల్చారు.

ఆ ఓట్లు నేను కొన్నవి కావు. ఎలా వచ్చాయో తెలుసుకుందామని రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఓటు వేసిన ఖాతా మీద నొక్కితే అది ఇంకా వేటికి వేసిందో మీ యాప్‌లో కనిపిస్తుంది. ఆ రాత్రి ఓట్లలోంచి యాభై ఖాతాలు చూశాను. అన్నీ ఆ వారంలో తెరిచినవే. పేర్లు అక్షరాలు, అంకెలు కలిపి పిసికిన ముద్దల్లా ఉన్నాయి. ఒక్కొక్కటి సరిగ్గా పద్నాలుగు కథలకు ఓటు వేసింది. నాది పోగా, పన్నెండు కథలు ఖాతాకొకలా మారుతున్నాయి. ఒకటి మాత్రం యాభైలోనూ ఉంది. ఆ కథకు ఓట్లు నాకంటే నాలుగింతలు.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. వాడిని అడిగితే విడమరిచి చెప్పాడు. బాట్లతో, అంటే మనుషుల్లా నటించే ప్రోగ్రాంలతో, ఓట్లు వేయించి అమ్ముకునేవాళ్ళు డబ్బిచ్చినవాళ్ళ కథకే గుద్దుతూ పోతే దొరికిపోతారు. అందుకని మామూలు పాఠకుల్లా కనిపించడానికి, దారిలో తగిలిన నాలుగు కథలకు కూడా వేసుకుంటూ పోతారు. జేబుదొంగ బస్సెక్కితే వాడూ టికెట్ తీసుకుంటాడు. నా కథ వాడు తీసుకున్న టికెట్.

ఆ ఒక్క కథ ఎవరిదో బయట ఎక్కడా చెప్పలేదు. రాసినవాళ్ళకు తెలియకుండా ఎవరో అభిమాని చేసిన పని కూడా కావచ్చు. నా మీద పడ్డ నింద ఇంకొకరి మీద రుద్దలేను. పేరు ఈ లేఖతో పంపుతున్న పట్టీలో ఉంది, చూడాల్సింది మీరు.

ఇక మీ జవాబుల సంగతి. మొదటిది యంత్రం రాసింది, దాన్ని వదిలేస్తాను. రెండోది మనిషి రాసినట్టే ఉంది: ‘దీనివల్ల మీకు నష్టమేమీ లేదు కదా మేడం, రీచ్ పెరిగింది.’ ఆ వాక్యం దగ్గరే నాకు ఒళ్ళు మండింది.

నష్టం చెప్తాను వినండి. ఆ పొద్దుటి నుంచి కథ కింద ముసలాయన గురించి మాటలు ఆగిపోయాయి. ‘ఎంత పెట్టావమ్మా?’ అని ఒకరు, ‘కండక్టర్ చేతిలో చిల్లర బాగానే ఉన్నట్టుంది’ అని ఇంకొకరు. మీరు ‘దూసుకుపోతోంది’ అని బోర్డు కట్టాక ఇంకో నూటయాభై నిజం ఖాతాలు కూడా వచ్చి ఓటు వేసి, కథ తెరవకుండానే పోయాయి. మనుషుల గుణమే అంత. గుంపు ఎటు పోతే అటు. ఇది నా ఊహ కాదు. 2013లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. వార్తలు పంచుకునే ఒక సైట్‌లో లక్షకు పైగా వ్యాఖ్యల మీద చేశారు. కొన్ని వ్యాఖ్యలకు పుట్టగానే ఒకే ఒక్క దొంగ మెచ్చుకోలు ఓటు వేసి వదిలేశారు. తర్వాత చూసిన మొదటి మనిషి దానికి మెచ్చుకోలు ఓటు వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ వ్యాఖ్యల సగటు మార్కు 25 శాతం ఎక్కువ తేలింది. దొంగగా వేసిన తిట్టు ఓటును మాత్రం జనం వచ్చి సరిదిద్దారు, మెచ్చుకోలును సరిదిద్దలేదు. ఒక్క ఓటుకే ఇంత. మీరు 1,840కి టపాసులు కాల్చారు.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది సిరిసిల్ల నుంచి వచ్చిన రెండు మాటలు. ‘మీరు కూడానా మేడం?’ అంతే. ఆమెకు జవాబు రాశాను. చూసింది, బదులు రాలేదు. ఏడో భాగం చదివిందో లేదో కూడా నాకు తెలిసే దారి లేదు.

ఇంకొకామె ఉంది, మహబూబ్‌నగర్ వైపు స్కూలు టీచరు. ఆమె కథ పదో స్థానంలో ఉండేది, నిజం ఓట్లతో. ఆ రాత్రి తర్వాత నా కథ ఆమెను కిందికి తోసేసింది. నేనేమో మొదటి పదికి ఆమడ దూరంలో ఉన్నదాన్ని. ఆమె ఇక ఇక్కడ రాయనని ఒక ముక్క పెట్టి వెళ్ళిపోయింది. దొంగ ఓటు ఎవరికి పడిందన్నది ఒక సంగతి, ఎవరి కాలి కింద నేల జరిగిందన్నది ఇంకో సంగతి. మీ రిపోర్టులో మొదటిదే కనిపిస్తుంది.

మూడో జవాబుకు మాటలు కూడా లేవు. ఒక ఉదయం చూస్తే ఓట్లు సున్నా. 63 కూడా పోయాయి. కథ నెత్తిన ఎర్రటి పట్టీ: ‘అనుమానాస్పద కార్యకలాపం’. దొంగ దొరకలేదు కదా అని, వాడి పక్క సీట్లో కూర్చున్న మనిషిని దింపేసినట్టుంది.

ఇలాంటివి ఎవరూ ఊహించలేదు అని మాత్రం అనకండి. 1999లో అమెరికాలో స్లాష్‌డాట్ అనే సైట్ కంప్యూటర్ సైన్స్‌లో మంచి విశ్వవిద్యాలయం ఏదని ఓటింగ్ పెట్టింది. కార్నెగీ మెలన్ విద్యార్థులు ప్రోగ్రాం రాసి ఓట్లు గుద్దారు, మర్నాడు ఎంఐటీ వాళ్ళు వాళ్ళ ప్రోగ్రాం దింపారు. చివరికి ఎంఐటీకి 21,156, కార్నెగీ మెలన్‌కు 21,032. మిగతా వాటిలో ఏదీ వెయ్యి దాటలేదు. (ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డి గారు ఏళ్ల తరబడి డీన్‌గా చేసిన చోటే ఈ కార్నెగీ మెలన్. పిల్లల తెలివికి కొదవేముంది.) వంకర టింకర అక్షరాలు చూపించి నువ్వు మనిషివేనా అని అడిగే పరీక్షకు ‘క్యాప్చా’ అని పేరు పెట్టినవాళ్ళలోనూ ఆ విశ్వవిద్యాలయం వాళ్ళు ఉన్నారు. మీ యాప్‌లో ఈమెయిల్ ఒక్కటుంటే ఖాతా తెరుచుకుంటుంది, ఆ పాత పరీక్ష కూడా లేదు.

దానంతటదే సర్దుకుంటుందిలే అనీ అనకండి. ఓట్ల లెక్కన రాసేవాళ్ళకు క్రిప్టో టోకెన్లు ఇచ్చిన స్టీమిట్ అనే సైట్ 2016లో మొదలైంది. కొన్నాళ్ళకే అక్కడ ఓటు వేసే బాట్లు అద్దెకు దొరికాయి. డబ్బు, లింకు పంపితే చాలు, బాట్ వచ్చి పెద్ద ఓటు వేసిపోతుంది. ‘ట్రెండింగ్’ పేజీ అంటే బాగా రాసినవాళ్ళది కాదు, బాగా కట్టినవాళ్ళది అయింది. 2019లో నిబంధనలే మార్చాల్సి వచ్చింది. ఓటు వేసేవాళ్ళకు టోకెన్లలో వాటా పెంచారు, కొన్న ఓట్లను కోసేయడానికి వేరే ఓట్లు ఇచ్చారు. ఊరుకుంటే సర్దుకునేదైతే అంత శ్రమ ఎందుకు?

నేను అడిగేవి పెద్దవేం కావు. ఆ 63 ఓట్లు నావి కావు, వేసినవాళ్ళవి. వాటిని వెనక్కి పెట్టండి. పన్నెండో తారీఖుకు ముందు ఏవి ఉన్నాయో మీ సర్వర్‌కు తెలుసు. ఎర్ర పట్టీ తీసి, అదే చోట, అదే సైజులో, ఈ ఓట్లకు రచయితకు సంబంధం లేదని మేం తేల్చుకున్నాం అని ఒక నెల ఉంచండి. గుసగుసగా నాకొక్కదానికే మెయిల్ పంపితే సిరిసిల్లకు చేరదు. పోటీలోంచి నన్ను తప్పించినా బాధ లేదు, టీచరమ్మ స్థానం మాత్రం ఆమెకు ఇవ్వండి, ఆమెకు ఫోన్ చేసి చెప్పండి. ఇకముందు కనీసం చివరి భాగం తెరిచినవాళ్ళకే ఓటు బటన్ కనిపించేలా చేయండి. బాట్లు దాన్నీ దాటుతాయని మా అక్క కొడుకు అంటున్నాడు. దాటనివ్వండి, కాస్త ఆయాసమైనా వస్తుంది. ప్రతి నెలా ఎన్ని దొంగ ఓట్లు తీసేశారో బయటపెట్టండి. అంకెలు చిన్నవైతే ప్రకటనలు ఇచ్చేవాళ్ళు జారిపోతారని మీ భయం కావచ్చు. 411 మందికి చూపించి 1,903కి డబ్బు తీసుకుంటే దాన్ని మా డిపోలో ఏమంటారో ఇక్కడ రాయను.

ఆన్‌లైన్ సమీక్షలు రాసేవాళ్ళు నిజం మనుషులో కాదో ఎలా సరిచూసుకోవాలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లోనే ఐఎస్ 19000 పేరుతో ప్రమాణం తెచ్చింది. ఫోన్ కాల్, ఎస్సెమ్మెస్, క్యాప్చా, అన్నీ అందులో ఉన్నాయి. అది సరుకుల సమీక్షల కోసం, కథల ఓట్లకు కాదు, నాకు తెలుసు. మార్గం తెలియక ఆగామనే మాట రాకూడదని చెప్తున్నాను. 2021లో ఐటీ నిబంధనలు వచ్చినప్పుడే ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని పెట్టారు. నా మొదటి మెయిల్‌కు ఇవాళ్టికి 26 రోజులు.

యాభై ఖాతాల పట్టీ, ఆ రాత్రి స్క్రీన్‌షాట్లు, మీ జవాబులు మూడూ జత చేస్తున్నాను. ఫోన్ చేయాలనుకుంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా బస్టాండులో ఉంటాను. మిగతా వేళల్లో బస్సు కదులుతుంటుంది, చేతిలో మిషన్ ఉంటుంది, ఎత్తలేను.

ఇట్లు,
మీ చందాదారు,
ఒక పల్లెవెలుగు కండక్టర్