తుపాకీ పేలితే అది మిస్‌ఫైర్ కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో జిల్లా పేజీ కింద మూలకి ఒక వార్త పడింది, గన్ శుభ్రం చేస్తుండగా మిస్‌ఫైర్, సెక్యూరిటీ గార్డుకి గాయాలు అని. ఇదే వార్త నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, పేరు మారుద్ది ఊరు మారుద్ది, మిస్‌ఫైర్ అన్న మాట మాత్రం మారదు. మీ ఒక్క పేపరే కాదు లెండి, టీవీల్లో కింద పరిగెత్తే అక్షరాల్లో కూడా అదే. నేను 24 ఏళ్ళు ఆర్మీలో చేసి 2010లో హవల్దార్‌గా రిటైరై వచ్చాను, ఇప్పుడు బ్యాంకులో గన్‌మెన్‌గా చేస్తున్నా, ఈ మాట కనపడినప్పుడల్లా అన్నంలో రాయి తగిలినట్టు ఉంటది, ఇవాళ డ్యూటీ లేదు కాబట్టి రాసేద్దామని కూర్చున్నా, కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. పేలకూడని టైంలో పేలితే దాన్ని ఫౌజులో ఏడీ అంటారు, యాక్సిడెంటల్ డిశ్చార్జ్. అంటే మీరు రాసేది సరిగ్గా తల్లకిందులన్నమాట, పెళ్ళి ఆగిపోయిందని రాయడానికి పెళ్ళి జరిగిందని రాసినట్టు. మాటదేముందయ్యా అంటారేమో, మాటలోనే ఉందండి. మిస్‌ఫైర్ అని రాయగానే తప్పంతా తుపాకీ మీదకి పోద్ది, అదేమో నోరు లేనిది, పట్టుకున్నోడు ఏం చేశాడో అడిగేవాడు ఉండడు, మళ్ళీ మూడు నెలలకి ఇంకో ఊళ్ళో ఇంకోడు అదే పని చేస్తాడు.

శుభ్రం చేస్తుండగా పేలింది అనే మాటకే వద్దాం. లోపల తూటా ఉన్న తుపాకీని శుభ్రం చేయడం అనే పనే లేదు, శుభ్రం చేయడంలో మొట్టమొదటి పని ఖాళీ చేయడం. మాకు ట్రైనింగులో క్లాసు మొదలవ్వాలంటే ముందు ఖాళీ కర్ అని ఆర్డరు పడేది, ఉస్తాద్ ఒక్కొక్కడి దగ్గరికీ వచ్చి చాంబర్లోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిలోకి చూసి, తూటాలు నింపే మేగజీన్ చూసి, నడుముకున్న పౌచ్‌లు కూడా తడిమేవాడు. కోత్‌లోంచి, అంటే ఆయుధాలు దాచే గదిలోంచి రైఫిల్ తీసుకునేటప్పుడు చూడాలి, తిరిగి ఇచ్చేటప్పుడు చూడాలి, నేను చూసి నీ చేతికిస్తే నువ్వు మళ్ళీ చూడాలి. ఇప్పుడే చూశాను కదా నామీద నమ్మకం లేదా అని ఎవడైనా అన్నాడంటే వాడికి ఆ రోజు గ్రౌండ్ చుట్టూ రౌండ్లే. ఖాళీగా ఉంది అని నోటితో చెప్పే మాటకి తుపాకీ దగ్గర విలువ లేదండి, కంటితో చూడటమే.

పిస్టల్ దగ్గర ఎక్కువమంది బోల్తా పడేది వరసలో. మేగజీన్ తీసేశాను కాబట్టి ఖాళీ అనుకుంటారు, చాంబర్లో ఒక రౌండు, అంటే తూటా, కూర్చునే ఉంటది, దానికి మేగజీన్‌తో పని లేదు. ఇంకొందరేమో ముందు స్లైడ్, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం, లాగి రౌండు కిందకి పడేసి ఆ తర్వాత మేగజీన్ తీస్తారు, ఈలోపు వదిలిన స్లైడ్ ముందుకి పోతా పోతా మేగజీన్లోంచి ఇంకోటి ఎక్కించేసుకుంటది, వీడు కళ్ళారా ఒక రౌండు పడటం చూశాడు కాబట్టి ఖాళీ అని ఒట్టేసి చెప్తాడు. ముందు మేగజీన్, తర్వాత స్లైడ్, అది కూడా రెండు మూడుసార్లు, ఆపైన లోపలికి చూపు, చీకట్లో అయితే చిటికెన వేలు పెట్టి తడుముకోవాలి. గ్లాక్ అనే పిస్టల్ సంగతి మరీను, స్లైడ్ ఊడదీయాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే, దాని తయారీయే అంత. ఖాళీ అనుకుని నొక్కేవాడు ఆ టైంలో గొట్టం ఎటు పెట్టాడు అన్నదాని మీదే కథంతా.

న్యాయంగా చెప్పాలంటే పాత 9 ఎంఎం కార్బైన్ లాంటి వాటిలో ఆయుధం తీరు వల్ల కూడా పేలుద్ది. దాంట్లో బోల్టు వెనక ఆగి ఉండి, ట్రిగ్గర్ నొక్కితే ముందుకొచ్చి రౌండుని తోసుకెళ్ళి పేలుస్తది. మేగజీన్ ఎక్కించి, బోల్టు ముందుకి వదిలేసి, సేఫ్, అంటే పేలకుండా ఆపే మీట, పెట్టకుండా భుజానికి తగిలించుకుని జీపులోంచి దూకితే, బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, నేలకి గట్టిగా తగిలిందంటే ఆ కుదుపుకి బోల్టు సగం వెనక్కెళ్ళి అక్కడ పట్టు దొరక్క మళ్ళీ ముందుకొచ్చి ఒకటి పేలొచ్చు. ఇది తెలిసినోడు సేఫ్ మీద పెడతాడు, అవసరం లేనప్పుడు మేగజీనే ఎక్కించడు.

ఇంక బ్యాంకుల దగ్గర మా చేతుల్లో ఎక్కువగా ఉండేది 12 బోరు డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ. ఈ 12 ఏంటని మా మేనేజరు గారు ఒకసారి అడిగారు, ఒక పౌండు సీసంతో ఆ గొట్టానికి సరిపోయే గుండ్లు పోస్తే 12 వస్తాయి, అదీ లెక్క, అందుకే 20 బోరు గొట్టం 12 కన్నా సన్నం. ఇది ఉత్త కబురు కాదండి, 20 బోరు కార్ట్రిడ్జ్ పొరపాటున 12 బోరులో పడితే లోపలికి జారి చాంబర్ ముందు ఇరుక్కుంటది, పైనుంచి చూస్తే ఖాళీగా కనపడి ఇంకో 12 పెట్టి పేల్చారనుకోండి గొట్టం పగిలి చేతులు పోతాయి. అందుకే రెండు సైజులు ఒకే బ్యాగులో కలపకూడదు.

ఈ గన్‌లో ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానికి, వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానికి. సేఫ్టీ క్యాచ్ మీద మనోళ్ళకి దేవుడి మీద ఉన్నంత నమ్మకం, కానీ చాలా గన్నుల్లో అది ట్రిగ్గర్లని మాత్రమే ఆపుద్ది, లోపల ఎక్కి ఉన్న సుత్తుల్ని ఆపదు, గోడకి చేరేసిన గన్ జారిపడితే సేఫ్టీలో ఉండగానే పేలొచ్చు. కుర్చీలో కూర్చుని కాళ్ళ మధ్య గన్ నిలబెట్టి గొట్టం మీద గడ్డం ఆనించి కునుకు తీసే గన్‌మెన్‌ని మీరూ ఏదో ఒక బ్యాంకులో చూసే ఉంటారు. నాకైతే వెనకనుంచి వెళ్ళి ఒక్కటి పీకాలనిపిస్తది, కానీ తుళ్ళిపడతాడు, తుళ్ళిపడితే ఏమవుద్దో తెలుసు కాబట్టి మెల్లగా పేరు పెట్టి పిలుస్తా.

అసలు మిస్‌ఫైర్ వచ్చిందనుకోండి, అంటే నిజం మిస్‌ఫైర్, ట్రిగ్గర్ నొక్కాం టక్ మంది, పేలలేదు. వెంటనే గన్ తెరిచి చూడకూడదు, గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఎందుకంటే ఒక్కోసారి లోపల మందు ఆలస్యంగా అంటుకుంటది. తర్వాత తెరిచి కార్ట్రిడ్జ్ వెనక క్యాపు మీద గన్ పిన్ను దెబ్బ ఎలా పడిందో చూడాలి. లోతుగా పడీ పేలలేదంటే తప్పు కార్ట్రిడ్జ్‌ది, తడిసిందో పాతదయ్యిందో. సన్నగా గీసినట్టు పడిందంటే గన్‌దే, పిన్ను అరిగిందో స్ప్రింగు నీరసపడిందో పాత ఆయిల్ గట్టిపడి జిగురయ్యిందో, మెకానిక్‌కి చూపించాలి. ఇంకోటి, శబ్దం గట్టిగా రాకుండా తుస్ మని పేలిందంటే రెండోది పేల్చకూడదు, లోపల వ్యాడ్, అంటే కార్ట్రిడ్జ్‌లో మందుకీ గుండ్లకీ మధ్య ఉండే బిళ్ళ, ఇరుక్కుని ఉండొచ్చు, గన్ ఖాళీ చేసి గొట్టంలోంచి వెలుతురు కనపడుతుందా చూసుకోవాలి. చాన్నాళ్ళు మూలన పెట్టిన గన్ అయితే మొదటిసారి తీసినప్పుడు కూడా ఇదే పని, మట్టి గూడు కట్టే కందిరీగకి గన్ గొట్టం కన్నా మంచి ఇల్లు దొరకదు.

మాది గోదావరి వైపు, ఇక్కడ గాల్లో తేమకి గేటుకి ఏసిన తాళమే ఏడాదికి బిగిసిపోద్ది, ఇంక తుపాకీ ఎంత. మనిషి చెమట ఇనుముకి విషం, గన్ చూడటానికొచ్చిన ప్రతి చుట్టమూ గొట్టం మీద చెయ్యేసి నిమురుతాడు, వారానికి సరిగ్గా ఆ అయిదు వేళ్ళూ ఎర్రగా తేలతాయి. అందుకని ఎవరు ముట్టుకున్నా వెళ్ళాక నూనె గుడ్డతో ఒకసారి తుడిచి పెట్టుకోవాలి. పేల్చిన రోజే లోపల క్లీన్ చేయాలి, రేపు చూద్దాం అన్నారంటే మందు మసి తేమ లాగి లోపల తినేస్తది. గొట్టాలు విడదీసి, తూటా పెట్టే వైపు నుంచే రాడ్ పెట్టాలి, ముందు ఇత్తడి బ్రష్‌తో రుద్ది, తర్వాత పొడి గుడ్డ, గుడ్డ తెల్లగా వచ్చేదాకా, ఆఖర్న నూనె గుడ్డ. మాకు రైఫిల్‌కి చిందీ, అంటే తుడిచే గుడ్డ పీలిక, కొలత ఉండేది, తుడవడానికి 4 అంగుళాలకి 2, నూనెకి 4కి ఒకటిన్నర, తాడుతో ఒక్క ఊపులో తిన్నగా లాగాలి, గొట్టం అంచుకి తాడు రాసుకుంటే ఆ అంచు అరిగిపోయి గురి పోద్ది. ఇప్పుడు ఇంట్లో నేను పాత కాటన్ బనియన్లు కత్తిరిస్తా, మా ఆవిడ నా బనియన్లకి చిల్లులు పడేదాకా ఆగదు అది వేరే కథ.

నూనె అంటే కొబ్బరి నూనె కాదండి బాబు. మా తోటి గన్‌మెన్ ఒకాయన ఇంట్లో తలకి రాసుకునేదే గన్‌కీ రాసేవాడు, ఘుమఘుమలాడేది, ఆర్నెల్లకి గన్ తెరిచే లీవర్ తిరగడం మానేసింది. వంట నూనెలన్నీ ఎండితే జిగురే. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టు మిషన్ ఆయిల్ మేలు, అది కూడా పల్చగా, కారేటట్టు పోస్తే నిలబెట్టినప్పుడు కిందకి జారి చెక్క బట్‌లోకి ఇంకి మెత్తబరుస్తది, అందుకే నూనె పెట్టాక ఒక రాత్రి గొట్టం కిందకి ఉండేలా గుడ్డ మీద నిలబెట్టాలి. చెక్కకి మాత్రం అవిసె నూనె. తోలు కవర్లో, రెక్సిన్ కవర్లో పెట్టి బీరువాలో దాచకూడదు, కవరు తేమ పట్టుకుని గన్‌కి అంటిస్తది, ఊరు తీసుకెళ్ళడానికే కవరు. మళ్ళీ పేల్చే ముందు గొట్టంలో నూనె పొడి గుడ్డతో తుడిచెయ్యాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకుంటా. 2024 ఎలక్షన్లకి మార్చి 16న కోడ్ వచ్చింది, లైసెన్స్ గన్నులు డిపాజిట్ చేయమన్నారు, బ్యాంకు డ్యూటీ వాళ్ళకి మినహాయింపు కాగితం ఇస్తారు గానీ నాది ఎక్కడో ఆగిపోయింది, ఏ స్టేషనో ఏ ఆఫీసో అనవసరం. కోడ్ పోయింది జూన్ 6న. వెళ్ళి తెచ్చుకుంటే నా గన్ బట్‌కి చుట్టూ టేపేసి నంబరు రాసి, ఇంకో నలభై గన్నులతో కలిపి తడి గోడకి ఆనించి ఉంది, గొట్టం మీద చింతపండు రంగులో తుప్పు. వాళ్ళని మాత్రం ఏం అంటాం, వాళ్ళ పని వాళ్ళకే చాలదు. అప్పట్నించి మావాళ్ళకి చెప్తున్నా, డిపాజిట్ చేసే ముందు రోజు లోపలా బయటా గ్రీజు పట్టించండి, రసీదులో గన్ నంబరు సరిగ్గా పడిందో లేదో అక్కడే చదువుకోండి, గొట్టంలో గుడ్డలు కుక్కకండి, వెనక్కొచ్చినప్పుడు మర్చిపోయి పేలిస్తే గొట్టం ఉబ్బుద్ది.

పేల్చడం గురించి ఎక్కువ రాయను, అది కాగితం మీద వచ్చే విద్య కాదు. మా ఉస్తాద్‌ల మంత్రం మూడు ముక్కలే, మజ్‌బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, ట్రిగ్గర్ ఆపరేషన్. పట్టు గట్టిగా, గురి సరిగ్గా, ట్రిగ్గర్ మెల్లగా. 12 బోరు బట్‌ని భుజం గుంటలోకి లాగి పట్టుకోకుండా మధ్యలో ఖాళీ వదిలితే తిరిగి తన్నే తన్నుకి వారం రోజులు చెయ్యి లేవదు. ఊపిరి సగం వదిలి ఆపాలి, ఆపి మరీ ఎక్కువసేపు ఉంటే చూపు వణుకుద్ది, అప్పుడు మొండికేయకుండా దించి మళ్ళీ మొదలెట్టాలి. ట్రిగ్గర్ సంగతికి, ఖాళీ రైఫిల్ మీద గొట్టం చివర గురి చూసే సైట్ దగ్గర రూపాయి బిళ్ళ పెట్టించి నొక్కమనేవారు, బిళ్ళ పడితే మళ్ళీ పెట్టు. నాది మూడు రోజులు పడుతూనే ఉంది, నాలుగో రోజు నిలబడింది, ఆ రోజు సంతోషం నాకు పెన్షన్ ఆర్డరు వచ్చినప్పుడు కూడా లేదు. డబుల్ బ్యారెల్‌తో ఇది చేస్తే చాంబర్లలో స్నాప్ క్యాపులు, అంటే మందు లేని ఉత్తుత్తి తూటాలు, పెట్టుకోండి, ఉత్తినే కొడితే పిన్నులు విరుగుతాయి. అసలు గన్‌మెన్లలో చాలామంది ఏళ్ళ తరబడి ఒక్క రౌండు కూడా పేల్చి ఉండరు, బెల్టులో కార్ట్రిడ్జ్‌ల ఇత్తడి పచ్చబారి ఉంటది, వాళ్ళ తప్పు కాదు, ప్రాక్టీసుకి రేంజ్ చూపించేవాడు ఎవడు.

పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి పేల్చే పెద్దమనుషుల గురించి ఒక్క ముక్క, 2019లో చట్టం మార్చారు, దానికి రెండేళ్ళ దాకా జైలో లక్ష దాకా జరిమానానో రెండూనో పడొచ్చు. దాన్ని కూడా మీరు మిస్‌ఫైర్ అని రాస్తే ఇంక నేను పేపర్ మానేస్తా.

మీ విలేకరి ఎవరైనా ఆదివారం మా ఇంటికొస్తే టీ ఇచ్చి గన్ తెరిచి అన్నీ చూపిస్తా. ఖాళీగా ఉంది అనే చెప్పి చేతికిస్తా, కానీ నా మాట నమ్మొద్దని ముందే చెప్పి పంపండి.

ఇట్లు
ఒక మాజీ హవల్దార్
పశ్చిమ గోదావరి జిల్లా