రికార్డుతో పాటు ప్రత్యర్థి రికార్డూ అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

బాక్సర్ నిశాంత్ దేవ్ డబ్బుకు ఆడే ప్రొఫెషనల్‌గా (ప్రో) మారాక తెలుగు పత్రికల్లోనూ ఆ బాక్సింగ్ వార్తలకు చోటు దొరుకుతోంది. 2023 తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 71 కిలోల కాంస్యం, పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్, తర్వాత 2025 జనవరి 25న లాస్ వేగస్‌లో ఆల్టన్ విగిన్స్‌ను మొదటి రౌండ్‌లోనే ఆపేసి తొలి గెలుపు. అంతటి అమెచ్యూర్ (ఒలింపిక్స్ తరహా పోటీల) పునాది ఉన్నవాడు ప్రో అవడం వేరు. జిల్లా స్థాయిలో రెండు మెడల్స్ రాగానే ‘ప్రో అవుతా’ననడం వేరు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పిల్లల్లో ఈ రెండో మాట ఎక్కువగా వినిపిస్తోంది కాబట్టే ఈ ఉత్తరం.

ముందు ఒక పొరపాటు సరిచేయాలి: మన చాంపియన్లు ప్రో దారిలో ఎదిగారనుకోవడం. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది అమెచ్యూర్‌లో. అదే ఊరి హుసాముద్దీన్ 2023 ప్రపంచ కాంస్యమూ అమెచ్యూర్‌లోదే. నిఖత్‌కు డీఎస్పీ ఉద్యోగం వచ్చింది ఆ దారిలోనే. పోలీసు, రైల్వే, సర్వీసెస్ కొలువులకు పనికొచ్చేవి ఆ పోటీల సర్టిఫికెట్లే. ప్రొఫెషనల్ దారిలో సర్టిఫికెట్ ఉండదు, పర్సు (ఫైట్‌కు ఇచ్చే డబ్బు) ఉంటుంది. అదీ ఫైట్ దొరికితేనే.

ఇక వార్తల సంగతి. ‘6-0, అందులో 5 నాకౌట్లు’ అని, అంటే ఆరు గెలిచి ఒక్కటీ ఓడలేదని చదివితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ ఆరుగురు ఎవరన్నది మాత్రం రాయరు. బాక్సర్ల రికార్డులుండే బాక్స్‌రెక్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే రెండు నిమిషాల్లో తెలిసిపోయే సంగతి అది. ప్రత్యర్థి గెలిచినవెన్ని, ఓడినవెన్ని అని చూసి ఆగిపోవద్దు. చివరిసారి రింగులోకి ఎప్పుడు దిగాడు? రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడా? రెండు బరువు కేటగిరీల కింద ఆడేవాణ్ని పైకి లాక్కొచ్చారా? ఓడినప్పుడు చివరి బెల్ దాకా నిలిచాడా, ప్రతిసారీ రెండో రౌండ్‌లోనే పడిపోయాడా? పది గెలిచి నలభై ఓడినా ఎప్పుడో గానీ నాకౌట్ కాని ముదురు బాక్సర్ ఉంటాడు. గ్లవ్స్ పైకెత్తి ఎలా కాచుకోవాలో, క్లించ్‌లో, అంటే ప్రత్యర్థిని చేతులతో పట్టేసి, ఎలా అలసిపోయేలా చేయాలో అతనికి తెలుసు. 3-0 ఉన్న కొత్త కుర్రాడి కంటే అలాంటివాడితో ఆడిన ఆరు రౌండ్లే ఎక్కువ నేర్పుతాయి. ఆ ఫైట్ పాయింట్ల మీద గెలిస్తే వార్తల్లో చప్పగా కనబడుతుంది గానీ, కోచ్‌లు లెక్కపెట్టుకునేది దాన్నే.

అమెచ్యూర్‌లో మూడు నిమిషాల రౌండ్లు మూడు, అంటే తొమ్మిది నిమిషాలు. ప్రోలో నాలుగు రౌండ్లతో మొదలై ఆరు, ఎనిమిది, పది, చివరికి టైటిల్‌కు పన్నెండు, అంటే 36 నిమిషాలు. అమెచ్యూర్ అలవాటుతో మొదటి బెల్ నుంచే పంచ్‌లు కురిపించేవాడికి అయిదో రౌండ్‌లో చేతులు కిందికి జారతాయి, గడ్డం దొరుకుతుంది. చేతి ఎముకలు విరగడానికీ కారణముంది. అమెచ్యూర్ గ్లవ్ కనీసం 10 ఔన్సులు. ప్రోలో 66.68 కిలోల వరకు 8 ఔన్సులే, అంటే సుమారు 227 గ్రాములు. కాబట్టి గాజుగుడ్డ, టేపుతో చేతులు కట్టడం తెలిసిన మనిషి రింగు మూలలో తోడు లేకుండా రింగెక్కకూడదు.

అన్నిటికంటే భయపెట్టేది బరువు దించడం. అమెచ్యూర్‌లో ఫైట్ రోజు పొద్దున్నే తూకం. ప్రోలో ముందురోజే. మధ్యలో ఒక పగలు, ఒక రాత్రి దొరుకుతాయని పిల్లలు ఎక్కువ దించేస్తారు. 66 కిలోలున్న కుర్రాడు లైట్‌వెయిట్ ఆడాలంటే 61.23కు రావాలి, దాదాపు 4.8 కిలోలు. ఎనిమిది వారాల ముందే మొదలుపెట్టి వారానికి అర కిలో చొప్పున తిండి సర్దుకుంటూ నాలుగు కిలోలు దించొచ్చు. చివరి రెండు రోజులకు ముప్పావు కిలో నీరే మిగలాలి. రోజూ పొద్దున, ఒకే మిషన్ మీద, ఒకే బట్టలతో తూగి రాసుకోవాలి. మన దగ్గర జరిగేది వేరు. చివరి వారంలో ప్లాస్టిక్ సూట్ వేసుకుని ఎండలో పరుగు, నీళ్లు బంద్. వరంగల్ మే నెల ఎండలో అది వడదెబ్బకు నేరుగా దారి.

తూకం అయ్యాక చేసే తప్పు ఇంకొకటి ఉంది: ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకోవడం. ఆసుపత్రి చికిత్సలో భాగం కాకుండా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి సెలైన్ ఎక్కితే వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధనల ప్రకారం అది డోపింగే. నీరు దిగడానికి వేసుకునే ఫ్యూరోసెమైడ్ గోలీ కూడా నిషిద్ధమే. తగ్గిన ప్రతి కిలోకు లీటరున్నర చొప్పున ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగాలి, అన్నం తినాలి. ఒంట్లో నీరు తగ్గినవాడి తలకు తగిలే దెబ్బ మరింత ప్రమాదమని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. 2025 ఆగస్టులో టోక్యోలో ఒకే రోజు ఆడిన ఇద్దరు బాక్సర్లు, ఇద్దరూ 28 ఏళ్లవాళ్లు, మెదడులో రక్తస్రావంతో చనిపోయారు.

కాంట్రాక్టు సంగతి తల్లిదండ్రులు వినాలి. లక్ష రూపాయల పర్సులో మేనేజర్‌కు మూడో వంతు, కోచ్‌కు పది శాతం పోతే మిగిలేది 57 వేల లోపే. స్కాన్లు, రక్త పరీక్షలు, ప్రయాణం, స్పారింగ్ (సాధన ఫైట్) పార్ట్‌నర్ ఖర్చు ఎవరిదో కాగితం మీద లేకపోతే అవీ అందులోంచే. ఏడాదికి కనీసం ఎన్ని ఫైట్లు ఇస్తారో రాయించుకోవాలి. గడువు తనంతట తానే పొడిగిపోయే షరతు ఉంటే కొట్టేయించాలి. అమెరికాలో 2000లో వచ్చిన మహమ్మద్ అలీ చట్టం ప్రకారం పెద్ద ఫైట్లు ఆడే బాక్సర్‌కు ఫైట్లు ఏర్పాటు చేసే ప్రమోటరే, బాక్సర్ తరఫున బేరమాడాల్సిన మేనేజర్‌గా ఉండకూడదు. మన దేశంలో అలాంటి చట్టం లేదు, రెండు సంతకాలూ ఒకరే పెట్టేస్తారు.

ఫైట్లు లేకుండా కూర్చోబెట్టడం కూడా నష్టమే. విజేందర్ సింగ్ వరుసగా 12 గెలిచాక, 2019 నవంబర్ నుంచి దాదాపు 16 నెలలు రింగుకు దూరమై, 2021 మార్చిలో గోవాలో ఆర్టిష్ లోప్సాన్ చేతిలో అయిదో రౌండ్‌లో ఓడారు. ఒలింపిక్ పతకం సాధించినవారికే అలా జరిగింది.

అందుకే మా విన్నపం: యువ బాక్సర్ గెలిచాడని వేసేటప్పుడు ప్రత్యర్థి రికార్డు, అతని చివరి ఫైట్ తేదీ, ఎన్ని రౌండ్లకు ఒప్పుకున్నారు, ఇద్దరి తూకం కూడా వేయండి. నాలుగు లైన్లు చాలు. నాకౌటై ఓడితే, ఎన్ని రోజుల విశ్రాంతి విధించారో వేయండి. అమెచ్యూర్‌లో ఒక్క నాకౌట్‌కే కనీసం 30 రోజులు ఆడనివ్వరు. నాకౌటైన రాత్రి ఆ బాక్సర్‌ను ఒంటరిగా పడుకోనివ్వకూడదు. తలనొప్పి ముదిరినా, వాంతులైనా, ఒక కంటిపాప పెద్దదైనట్టు కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లి సీటీ స్కాన్ తీయించాలి. విశ్రాంతి తేదీ మీ పేజీలో ఉంటే, అది దాటకముందే ఆ అబ్బాయి పేరు ఇంకో ఊరి పోస్టర్ మీద కనిపించినప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు.

ఇట్లు,
బాక్సింగ్ శిక్షకులు, హనుమకొండ