గాంధీ కళ్ళజోడు ఏ తుక్కు కొట్టుకు చేరింది?

సంపాదకుడు గారికి,

మా వీధి చివర గాంధీ విగ్రహానికి కళ్ళజోడు పోవడం ఇది మూడోసారి. మొదటిసారి ఎవరో ఆకతాయి పిల్లల పని అనుకున్నాం. రెండోసారి కొత్తది పెట్టి సిమెంటుతో బిగించారు. ఈసారి జోడుతో పాటు చెవి అంచు కూడా ఊడొచ్చింది. దిమ్మెకున్న ఇత్తడి పలకను సైతం గునపంతో పెకలించుకుపోయారు. నాలుగు బోల్టు కన్నాలు, వాటి కింద గుప్పెడు సిమెంటు పొడి మిగిలాయి. విగ్రహానికి చందాలిచ్చిన వాళ్ళ పేర్లు ఆ పలక మీద తెలుగులోనూ ఒడియాలోనూ ఉండేవి. మా నాన్నగారి పేరూ ఉండేది (ఆయన ఇచ్చింది పదకొండు రూపాయలే అనుకోండి).

ఇంతకీ దొంగకు దక్కిందేమిటి? ఆ జోడు పెట్టుకుందామంటే ఏ ముఖానికీ పట్టదు, అమ్ముదామంటే పావు కిలో తూగదు. పలక మహా అయితే రెండు కిలోలు. తుక్కు కొట్టులో కొన్ని వందలు చేతిలో పెట్టి ఉంటారు. అలాంటిది మళ్ళీ చేయిస్తే ఎంతవుతుందని బరంపురంలో అడిగితే, అక్షరాలు చెక్కే కూలే దానికి పది రెట్లు చెప్పారు.

ఈ తెలివి మన దొంగల సొత్తేమీ కాదు. 2005 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో శిల్పి హెన్రీ మూర్ చేసిన రెండు టన్నుల పైచిలుకు కంచు బొమ్మను క్రేను లారీతో వచ్చి రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు. దాని విలువ 30 లక్షల పౌండ్లు. కరిగించి తుక్కు కింద అమ్మితే వచ్చింది 1,500 పౌండ్లు ఉంటుందని పోలీసులు లెక్కగట్టారు. 2011లో లండన్ డల్విచ్ పార్కులో బార్బరా హెప్‌వర్త్ కంచు శిల్పం కూడా అలాగే మాయమైంది. రైల్వే తీగలనీ విగ్రహాలనీ లేకుండా లోహం కనబడితే చాలు ఎత్తుకుపోతుంటే, అక్కడి ప్రభుత్వం చివరికి కొనేవాడి మీద పడింది. 2013 చట్టంతో తుక్కు వ్యాపారికి లైసెన్సు తప్పనిసరి చేసి, అమ్మేవాడు ఎవడో రుజువు చూసి రాసుకోమన్నారు. నోట్లిచ్చి తుక్కు కొంటే నేరమే.

మనకూ 1984 నాటి ప్రజా ఆస్తుల ధ్వంస నిరోధక చట్టం ఉంది. దొంగ దొరికితే కదా! ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలో వాడికి ఇంకో వెసులుబాటు. కాస్త దూరం వెళ్తే ఆంధ్రలోని పాతపట్నం, రాష్ట్రమే మారిపోతుంది. ఇక్కడ ఒడియాలో రాసిన ఫిర్యాదు పట్టుకుని అక్కడి కొట్టువాళ్ళను తెలుగులో అడిగేదెవరు? పది రూపాయల టీకే ఫోన్ పే కొడుతున్న రోజుల్లో, రాగి, ఇత్తడి కొనేటప్పుడు ఆధార్ ఫొటో తీసుకుని డబ్బు ఫోన్‌లోనే వేయాలని సరిహద్దుకు రెండు వైపులా అధికారులు ఒకే మాట మీద ఉంటే సరిపోతుంది. కాపలా పెట్టే ఖర్చు కూడా ఉండదు.

గోడ బొమ్మల సంగతి వేరు, అక్కడ తూకం వేసి అమ్మడానికేం ఉండదు. ఇక్కడ ఒక ప్రహరీ గోడకు ఎర్రమట్టి రంగు వేసి, దాని మీద సవర గిరిజనుల పద్ధతిలో తెల్లగా చెట్లు, ఏనుగులు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆడే మనుషులు వేశారు. సవరల ఇళ్ళలో దేవుడి కోసం గోడ మీద వేసుకునే బొమ్మలవి. ఇప్పుడు ఆ ఆటగాళ్ళ నడుము దాకా కిళ్ళీ ఉమ్ము, పైన ఓ ట్యూషన్ సెంటర్ పోస్టరు. పోస్టరు మీద ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉంది కాబట్టి జరిమానా వేయడానికి ఎవరినీ వెతకక్కర్లేదు. నేనే ఫోన్ చేశాను. ‘అడ్మిషన్ కోసమా అండీ?’ అని అడిగారు.

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా