ఎంపీలు ఒకవైపు, సభ్యులు మరోవైపు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లో లేబర్, కన్సర్వేటివ్ పార్టీల నాయకత్వ పోరును వ్యక్తుల కుమ్ములాటగా మాత్రమే చూడడం సరికాదు; నాయకుడిని ఎన్నుకోవలసినది ఎంపీలా, పార్టీ సభ్యులా అన్నదే అసలు ప్రశ్న. 2016 జూన్‌లో 172 మంది లేబర్ ఎంపీలు తమ పార్టీ నాయకుడు జెరెమీ కోర్బిన్‌పై అవిశ్వాసం ప్రకటించగా ఆయనను సమర్థించినవారు 40 మందే; అయినా సెప్టెంబరులో పార్టీ సభ్యులు, మద్దతుదారులు దాదాపు 62 శాతం ఓట్లతో ఆయననే మళ్లీ గెలిపించారు. 2022లో కన్సర్వేటివ్ ఎంపీల చివరి విడత ఓటింగులో రిషి సునాక్‌కు 137 ఓట్లు రాగా, సభ్యులు మాత్రం 113 ఓట్లు వచ్చిన లిజ్ ట్రస్‌ను ఎన్నుకున్నారు; అలా ప్రధాని అయిన ఆమె ప్రభుత్వం రెండు నెలలైనా నిలవలేదు. అధిష్ఠానం సీల్డు కవరులో పేరు పంపే పద్ధతికి అలవాటుపడిన మనకు సభ్యుల ఓటు ముచ్చటగానే కనిపిస్తుంది గానీ, సభలో నాయకుడి వెంట నిలవవలసినది ఎంపీలే గనుక తుది నిర్ణయం వారిదే కావాలి. అదే ఏడాది అక్టోబరులో పోటీకి 100 మంది ఎంపీల మద్దతు తప్పనిసరి చేయడంతో సునాక్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆ నిబంధనను శాశ్వతం చేసి ఉండవలసింది.

— ఒక పాఠకుడు, విజయవాడ