ఆమెను ‘జైలు సీరియల్ నటి’ అని వదిలేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ఓటీటీలో చూడదగ్గ విదేశీ సీరియళ్ళ గురించి రాశారు. అందులో ‘వెంట్‌వర్త్’ దగ్గరికి వచ్చేసరికి, రీటా కానర్స్ వేషం వేసిన లియా పర్సెల్ గురించి ‘జైలు సీరియల్‌తో పేరు తెచ్చుకున్న ఆస్ట్రేలియా నటి’ అని ఒక్క లైను రాసి వదిలేశారు. అది చదివాక ఊరుకోలేకపోయాను. ఆవిడ ఆ సీరియల్లోకి వచ్చింది 2018లో, ఆరో సీజన్లో. అప్పటికే నాటకాలు రాసి, ఆడి, సినిమాల్లో నటించి, టీవీకి డైరెక్షన్ కూడా చేసి, ఈ రంగంలో పాతికేళ్ళు దాటించిన మనిషి. పైగా ఆదివాసీ మహిళ. ఆ మాట మీ లైనులో లేనే లేదు.

నేను బ్రిస్బేన్‌లో ఒక వృద్ధుల హోమ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. లియా పర్సెల్ పేరు నాకు మొదట చెప్పింది మా హోమ్‌లో ఉండే ఒక ఆదివాసీ పెద్దావిడ. ఇక్కడ ఆదివాసీలు కూడా మనలాగే పెద్దవాళ్ళను ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, అందుకని నాకూ ఆవిడ ఆంటీయే. ఒకరోజు నైట్ డ్యూటీలో మందులు ఇవ్వడానికి వెళ్తే టీవీ ముందు కూర్చుని ఉంది, నన్ను చేత్తో ఆగమని, తెర మీద మనిషిని చూపించి ‘మా మర్గన్ పిల్ల’ అంది. మాత్ర చేతిలో పెట్టినా మింగలేదు, సీను అయిపోయేదాకా. మన ఊళ్ళో పక్కింటి పిల్ల కలెక్టరైతే ఎలా చెప్పుకుంటామో ఆ గొంతు అలా ఉంది.

మర్గన్ బ్రిస్బేన్ నుంచి కారులో మూడు గంటల దారి. దాని పక్కనే షెర్‌బర్గ్. ఒకప్పుడు దాన్ని బరాంబా అనేవారు. 1897లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ‘రక్షణ’ పేరుతో ఒక చట్టం చేసి, ఎక్కడెక్కడి ఆదివాసీలనో వాళ్ళ నేల నుంచి తెచ్చి ఇలాంటి చోట్ల పెట్టింది. ఆడపిల్లల్ని తెల్లవాళ్ళ ఇళ్ళలో పనికి పంపింది, వాళ్ళ జీతం వాళ్ళ చేతికి ఇవ్వకుండా తనే పట్టుకుంది. ఆ జీతాల కోసం వేసిన కేసులో 2019లో 19 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఒప్పుకునేసరికి ఆ జీతం సంపాదించినవాళ్ళలో చాలామంది పోయారు.

ఆ నేల మీద 1970లో పుట్టింది లియా. ఏడుగురిలో చివరిది. అమ్మ ఆదివాసీ. నాన్న తెల్లవాడు, కసాయి కొట్టు పని చేస్తూ బాక్సింగ్ కూడా నేర్పేవాడు. ఇంకా ఇరవై నిండకముందే అమ్మకు జబ్బు, ఆమెను చూసుకోవడం, ఆమె పోవడం, తాగుడు, చిన్న వయసులో తనూ తల్లి కావడం, ఇవన్నీ మీద పడ్డాయి. అక్కణ్ణించి బ్రిస్బేన్ వచ్చి చిన్న నాటక బృందాల్లో చేరింది. 1993లో ‘బ్రాన్ న్యూ డే’ అనే ఆదివాసీ సంగీత నాటకంలో వేషం దొరికింది. తర్వాత సిడ్నీ, టీవీ, ‘పోలీస్ రెస్క్యూ’. తన మర్గన్ బతుకునే ‘బాక్స్ ద పోనీ’ అని ఒంటరి పాత్ర నాటకంగా ఆడి ఎడిన్‌బరో దాకా వెళ్ళింది. 2001లో ‘లాంటానా’ సినిమాలో పోలీసు డిటెక్టివ్‌గా చూడండి, మాటలు తక్కువ, కళ్ళతోనే పనంతా చేస్తుంది.

కానీ సంపాదకులు గారూ, నేను ఈ ఉత్తరం రాస్తున్నది నటన గురించి కాదు. ఒక కథ గురించి.

హెన్రీ లాసన్ అనే ఆయన 1892లో ‘ద డ్రోవర్స్ వైఫ్’ అని ఒక చిన్న కథ రాశాడు. మనకు గురజాడ వారి ‘దిద్దుబాటు’ ఎలాగో వాళ్ళకు అది అలాగ, బడి పిల్లలకు కూడా తెలుసు. భర్త పశువులు తోలుకుని నెలల తరబడి పోతాడు, అడవిలో పిల్లలతో భార్య ఒక్కతే, ఇంటి కింద పాము దూరితే రాత్రంతా కర్ర పట్టుకుని కాపలా కాస్తుంది. ఆ భార్యకు కథలో పేరు కూడా లేదు. ఇక ఆదివాసీలు అందులో కనిపించేది ఎలాగంటే, పురుడు పోయడానికి వచ్చిన బ్లాక్ మేరీగా ఒకచోట, కట్టెలు పేర్చమంటే లోపల బోలుగా పేర్చి కూలి తీసుకుని పోయిన మోసగాడుగా ఇంకోచోట. అంతే, రాస్తే పది వాక్యాలు ఉండవేమో.

లియాకు ఈ కథ చిన్నప్పుడు అమ్మ చదివి వినిపించేదట. చివర్లో పెద్దకొడుకు తల్లితో ‘అమ్మా, నేనెప్పుడూ పశువుల వెంట పోను’ అంటాడు, ఆ మాట వచ్చేసరికి అమ్మను ఆపి ఈ పిల్లే చెప్పేదట. అదే పిల్ల పెద్దయ్యాక ఆ కథను తిరగరాసింది. ముందు నాటకం, 2016లో సిడ్నీ బెల్వాయిర్ థియేటర్లో, తనే రాసి తనే ఆ భార్య మోలీగా ఆడింది. మరుసటి ఏడు దానికి విక్టోరియా రాష్ట్ర సాహిత్య బహుమతి వచ్చింది. 2019లో నవల. 2021లో సినిమా, రచన, దర్శకత్వం, ముఖ్య పాత్ర మూడూ తనే. ఆ సినిమాకు ఆసియా పసిఫిక్ స్క్రీన్ అవార్డుల్లో జ్యూరీ గ్రాండ్ ప్రైజ్ ఇచ్చారు.

ఒక్క సీను చెప్తాను. మంచుకొండల మధ్య గుడిసె. మోలీ నిండు చూలాలు, చేతిలో తుపాకీ. వాకిట్లో మెడకు ఇనప పట్టా బిగించిన ఆదివాసీ మనిషి, యాదక, పారిపోయి వచ్చినవాడు. ఆమె తుపాకీ గురి పెట్టే ఉంది, ఈలోగా నొప్పులు మొదలయ్యాయి. తుపాకీ వదల్లేదు, నిలబడనూ లేదు. వాడు దగ్గరికి రావాలా వద్దా అన్నట్టు ఆమె ముఖంలోకి చూస్తాడు. లాసన్ కథలో మోసగాడు అనిపించుకున్న మనిషే ఇక్కడ పురిటికి సాయం వస్తాడు. బిడ్డ దక్కదు. తర్వాత తర్వాత, మోలీ అసలు తల్లి ఎవరో వాడి నోటి వెంటే తెలుస్తుంది. బ్లాక్ మేరీ. నూటపాతికేళ్ళుగా దేశమంతా తెల్ల ఇల్లాలి కథ అనుకుని చదివినదాన్ని లియా అలా ఆదివాసీ కూతురి కథ చేసింది. ఆ పేరులేని భార్యకు మోలీ జాన్సన్ అని పేరు కూడా ఆవిడ పెట్టిందే.

ఆ సినిమా చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాది పార్వతీపురం దగ్గర ఊరు. మేం అల్లరి చేస్తే మా నానమ్మ ‘సవరోడు పట్టుకుపోతాడు’ అనేది. సంత రోజు సవరలు, అంటే మా వైపు కొండల్లో ఉండే ఆదివాసీలు, తెల్లారకముందే కొండ దిగి వచ్చేవాళ్ళు, గంపల్లో పసుపు కొమ్ములు, సీతంపేట పైనాపిల్, చంకలో కొండచీపుర్ల కట్టలు. మేం నానమ్మ కొంగు వెనక దాక్కుని చూసేవాళ్ళం. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు, పసుపు తూస్తున్న వ్యాపారి చిటికెన వేలు తక్కెడ కింద ఆని ఉండటం నా కళ్ళతో చూశాను. ఆ సవర ఆవిడా చూసింది. ఏమీ అనలేదు, ఇచ్చినంత తీసుకుని కొంగులో ముడేసుకుంది. అయినా ఇంటికొచ్చాక మేం భయపడింది సవరలకే. ఆ భయం మాకు కథల్లోంచే వచ్చింది. ఆవిడ ఇంట్లో పిల్లలకు మా సంత గురించి ఏ కథ చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుగులో ఎవరూ నాకు చెప్పలేదు.

మన సినిమాల్లో గూడెం అంటే ఇప్పటికీ చాలావరకు పూసలు, ఈకలు, మంట చుట్టూ ఒక పాట. కొమరం భీమ్ వేషం పెద్ద హీరో వేశారు, బాగా చేశారు, నేనూ ఏడ్చాను. కానీ భీమ్ పోరాడిన జోడేఘాట్ పిల్ల ఒకతి జోడేఘాట్ కథను తన లెక్కన రాసి, తీసి, మనకు చూపించే రోజు కావాలి. అది దానంతట అదే రాదు, లియా పర్సెల్‌కూ రాలేదు. ఇక్కడ 1993లో, సినిమాలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఆస్ట్రేలియన్ ఫిల్మ్ కమిషన్ ఆదివాసీల కోసం విడిగా ఒక విభాగం పెట్టింది. 1996కల్లా ఆదివాసీ దర్శకులు తీసిన ఆరు పొట్టి సినిమాలు ఒక వరసగా బయటికి వచ్చాయి. ఆ ఆరుగురిలో వారిక్ థార్న్‌టన్ 2009లో కాన్స్ చిత్రోత్సవంలో, తొలి సినిమాకు ఇచ్చే కెమెరా డోర్ బహుమతి గెలిచాడు. ఇంకొకావిడ, సాలీ రైలీ, ప్రభుత్వ ఛానల్ ఏబీసీలో ఆదివాసీ విభాగానికి అధిపతి అయింది. ఆవిడ హయాంలోనే 2012లో ‘రెడ్‌ఫర్న్ నౌ’ సీరియల్ వచ్చింది, రాసినవాళ్ళూ, డైరెక్ట్ చేసినవాళ్ళూ, ముఖ్య పాత్రలు వేసినవాళ్ళూ ఆదివాసీలే. లియా అందులో నటించింది, డైరెక్షన్ కూడా చేసింది. తర్వాత ‘క్లెవర్‌మ్యాన్’ అనే ఇంకో సీరియల్, ఆ తర్వాతే సొంత సినిమా. ఆరు పొట్టి సినిమాలకు పెట్టిన డబ్బు ఒక తరాన్ని నిలబెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాలూ సినిమా అవార్డులకూ, స్టూడియో స్థలాలకూ చేస్తున్న ఖర్చులో అదెంత? పాడేరులో, ఉట్నూరులో, సీతంపేటలో ఫోన్‌తో వీడియోలు తీసే పిల్లలు ఇప్పటికే ఉన్నారు. వాళ్ళకు ఏడాదికి ఆరంటే ఆరు సినిమాలకు డబ్బు ఇచ్చి, వాళ్ళ భాషలోనే తీయమని చెప్పమని మీరు సంపాదకీయం రాయండి. మీరు రాస్తే మంత్రులు చదువుతారు, నేను రాస్తే చదవరు.

ఆస్ట్రేలియాలో ఉన్న మన తెలుగు సంఘాలకు కూడా ఈ పేజీ ద్వారానే ఒక మాట. ఉగాదికి ఇండియా నుంచి నటుల్ని పిలిపించుకుంటాం, సంతోషం. పౌరసత్వం తీసుకున్న రోజు ఈ నేల అసలు మనుషుల్ని తలుచుకుంటూ చెప్పిన మాటలకు అందరం లేచి నిలబడ్డాం కూడా. 2023 అక్టోబర్ 14న పార్లమెంటుకు సలహా చెప్పడానికి వాళ్ళకు ఒక వేదిక ఇవ్వాలా అని రెఫరెండం పెడితే, మా పరిచయస్తుల్లో చాలామంది ‘వాళ్ళ గురించి మనకేం తెలుసులే’ అంటూ వెళ్ళి ఓటేసి వచ్చారు. అది ఓడిపోయింది. తెలుసుకోవడానికి లియా పర్సెల్ సినిమా రెండు గంటల్లోపు ఉంటుంది. ఒక ఆదివారం హాలు తీసుకుని వేయండి, పిల్లల్ని తీసుకురండి, టీ సంగతి నేను చూసుకుంటాను.

మీకు ఇంకొక్క విన్నపం. ప్రతి ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి మీద పేజీ వేస్తారు. ఆయన సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే బడి పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చు వేయించారు. పేజీలో ఆ సంగతి ఎప్పుడూ చివరి పేరాలో వస్తుంది. ఈసారి ఆ పేజీని ఒక సవర అమ్మాయితోనో అబ్బాయితోనో రాయించండి. మా సంత గురించి వాళ్ళ ఇళ్ళలో చెప్పుకునే కథ అందులో ఉంటే, పేపరు దాచుకుంటాను.

ఇట్లు
మీ పాఠకురాలు, బ్రిస్బేన్