భాస్వరం అంటే ఏ భాస్వరం?

సంపాదకులకు నమస్కారములు.

వ్యవసాయ సలహాల్లో ‘నత్రజని, భాస్వరం, పొటాష్’ అని చదువుతాం. అదే రైతుబిడ్డ రసాయనశాస్త్ర పాఠంలో నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం అని చదువుతుంది. ఒక వస్తువుకు రెండు పేర్లుండటం పెద్ద చిక్కు కాదు, నత్రజనే నైట్రోజన్ అని ఒక్క మాట చెబితే పిల్లలకు తెలిసిపోతుంది. అసలు చిక్కు, రెండు వేర్వేరు లెక్కలను ఒకే పేరుతో పిలవడంలో ఉంది.

నేను సైన్సు బోధించిన రోజుల్లో పదో తరగతి అమ్మాయి ఒకతె డైఅమ్మోనియం ఫాస్ఫేట్ (డీఏపీ ఎరువు) అణుభారం 132, అందులో భాస్వరం 31 అని లెక్కగట్టి, “శుద్ధమైన పదార్థంలోనే 23 శాతానికి కాస్త పైన ఉంటే, బస్తా మీద 46 ఎలా వచ్చింది సార్?” అని అడిగింది. ఆమె లెక్కలో తప్పులేదు. డీఏపీ బస్తాపై వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలను చెప్పే 18-46-0లోని 46, మూలకం లెక్క కాదు, భాస్వరం ఆక్సిజన్‌తో కలిసిన భాస్వరం పెంటాక్సైడ్ (పీ2ఓ5) లెక్క. మూలకంగా చూస్తే అది సుమారు 20 శాతమే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985లో ‘పీ2ఓ5 రూపంలో’ అని స్పష్టంగానే ఉంది. తెలుగులోకి వచ్చేసరికి ఆ విశేషణం రాలిపోయి ‘46 శాతం భాస్వరం’ మిగులుతోంది. భూసార పరీక్షలోని ‘లభ్య భాస్వరం’ (మొక్కకు అందే భాస్వరం) ఏ లెక్కలో ఉందో తెలియకపోతే అంకె 2.29 రెట్లు తారుమారవుతుంది, అది ఎరువు మోతాదుకు, రైతు ఖర్చుకు సంబంధించిన విషయం.

పొటాష్ విషయంలో వాడుకే మనకు మేలు చేసింది. ఆక్సైడ్ లెక్కకు పొటాష్, మూలకానికి పొటాషియం అని రెండు మాటలు విడిగా నిలిచాయి. భాస్వరానికి అలాంటి విభజన జరగలేదు. ఇందుకు కొత్త సంస్కృత సమాసం కల్పించనక్కరలేదని నా అభిప్రాయం. మూలకానికి ‘భాస్వరం’ ఉంచి, ఎరువుల శాతాలకు ‘భాస్వరపు ఆక్సైడ్’ అని రాస్తే చాలు.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం, రైతులు వాడే మాటలను ప్రాంతాలవారీగా సేకరించి, వాటి అర్థాలను నిర్ణయించింది. దుక్కి, విత్తనాల మాటలపై చూపిన ఆ శ్రద్ధను ఎరువులు, పురుగుమందుల మాటలపైనా చూపాలి. పాఠ్యపుస్తకాలు రాసేవారు, భూసార పరీక్ష కేంద్రాల్లో పనిచేసేవారు, సలహాలు అచ్చువేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఒకచోట కూర్చుని, ముందు నిర్వచనం రాసుకుని తర్వాత పేరు ఖాయం చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఒక్క జాబితానే వాడాలని నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా